మూసిన గేటు దగ్గర పాసింజర్లు

మా ఆఫీసు ఒకప్పుడు లాంచీ ఎక్కే జనం కూర్చునే హాలు. నది మీద వంతెన కట్టాక లాంచీలు ఆగిపోయాయి. హాలు కొన్నాళ్లు సిమెంటు బస్తాల గోడౌను అయింది, కొన్నాళ్లు ఊరికే తాళం వేసి ఉంది, చివరికి మా బావకి అద్దెకి దొరికింది. పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. రోడ్డు వైపు గోడంతా ఇనుప షట్టరే. నది వైపు మెట్ల మీదికి తెరుచుకునే తలుపు ఒకటుండేది గానీ దాన్ని ఎప్పుడో రేకు అడ్డం పెట్టి వెల్డింగు చేసేశారు. కిటికీలు పైకప్పుకి ఆనుకుని, నిచ్చెన వేస్తే తప్ప అందవు. పక్కగోడలో టిక్కెట్లిచ్చే చిన్న గూడు మాత్రం అలాగే మిగిలిపోయింది. దాని అంచున చేతులు ఆనించీ ఆనించీ రాయి గుంటపడి నున్నగా ఉంటుంది.

"రావడానికీ పోవడానికీ ఒకటే దారి. పని ఎగ్గొట్టి వెనకనుంచి జారుకోవడం కుదరదు" అన్నాడు బావ, నేను చేరిన రోజే.

బావంటే మా అక్క భర్త. వాళ్లింటి పై గదిలోనే నేనుంటాను. పొద్దున ఒకే కారులో వస్తాం, సాయంత్రం ఒకే కారులో పోతాం. దారి పొడుగునా ఆయన ఆట గురించి మాట్లాడతాడు. ఇంటికెళ్లాక కూడా ఆపకపోతే అక్క టీవీ శబ్దం పెంచుతుంది.

ఆ ఆట ఆయన ఎన్నాళ్లనుంచో కంటున్న కల. గ్రహాలు, వాటి మధ్య దారులు, ఆ దారుల్లో యుద్ధ నౌకలు. ఆడేవాడు సేనాపతి. నౌకలు కట్టుకోవాలి, గ్రహాలు పట్టుకోవాలి, పట్టుకున్నది పోకుండా చూసుకోవాలి. ముందుగా ఆడి చూసినవాళ్లు బాగుందన్నారు. ఒకావిడ మాత్రం పెదవి విరిచింది. "ఇన్ని గ్రహాల కోసం కొట్టుకుంటున్నారు సరే, వాటిమీద ఉండే మనుషులెక్కడ? ఆకాశం నిండా ఫిరంగులే గానీ ఒక్క బస్సు కూడా తిరగదేం?" అంది.

బావ ఆ రోజు భోజనం సరిగ్గా చెయ్యలేదు. మర్నాడు నా కుర్చీ దగ్గరికొచ్చి, "ఆవిడన్నది నిజమే మరదలా. మనకి పాసింజర్లు కావాలి" అన్నాడు.

ఆ పేరే స్థిరపడిపోయింది. యుద్ధంతో సంబంధం లేని నౌకలన్నీ మాకు పాసింజర్లే. మనుషుల్ని ఎక్కించుకునేవి, నీళ్లు మోసేవి, ధాన్యం మోసేవి, రోగుల్ని తీసుకెళ్లేవి. వాటికి నేను రాసిన తెలివి చాలా చిన్నది. రేవులో ఆగు. జనం ఎక్కేదాకా ఉండు. నిండితే బయల్దేరు. దించేసి మళ్లీ రా. అంతే. కానీ అవి తిరగడం మొదలుపెట్టాక ఆట ముఖమే మారిపోయింది. నల్లటి ఆకాశంలో చిన్నచిన్న దీపాలు ఎవరి పని మీద అవి పోతూ, ఎదురుపడితే తప్పుకుంటూ ఉంటే ముచ్చటేసేది. నీళ్ల నౌక ఒకటి తప్పు లెక్క వల్ల ఒకే గ్రహం చుట్టూ గానుగెద్దులా తిరిగింది. దాన్ని సరిచెయ్యడానికి నాకు చాలా రోజులు మనసు రాలేదు.

గేటు సంగతి మాత్రం బావ ఆలోచన.

"శత్రువు దగ్గరకొస్తే రేవు గేటు పడిపోవాలి. పాసింజర్లు బయటికొస్తే మన యుద్ధ నౌకలకి దారి అడ్డం కదా."

"మరి లోపల ఎక్కి కూర్చున్నవాళ్లు?"

"తీసేదాకా ఆగుతారు."

"తియ్యకపోతే?"

"అది ఆడేవాడి ఇష్టం. తియ్యాలా వద్దా అని వాడు ఒక్క క్షణమైనా ఆలోచించాలి. ఆ బరువు వాడి గుండెల మీద పడాలి. అప్పుడే ఆట" అన్నాడు.

అలాగే రాశాను. గేటు దానంతటది మూసుకుంటుంది. దానంతటది తెరుచుకోదు. ఆడేవాడు ఒక మీట నొక్కాలి.

మా ఆటకి శబ్దాలన్నీ చేసేది చెవులాయన. ఆ పేరు పెట్టింది బావే. యాభై దాటిన మనిషి, ఈ నది ఒడ్డునే పుట్టి పెరిగాడు. పక్క వీధిలో స్కూటరు వెళ్తుంటే దాని రోగమేమిటో చెప్పేస్తాడు. పాసింజర్ల లోపల వినిపించే సందడి కోసం ఆయన ఒక సెలవు రోజు మైకు తెచ్చుకుని మా హాల్లోనే కూర్చున్నాడు. ఖాళీ గదికి కూడా ఒక చప్పుడుంటుందనీ, దాని మీద మనుషుల మాటలు పేరిస్తే సహజంగా ఉంటుందనీ ఆయన నమ్మకం.

తర్వాత రోజు నన్ను పిలిచి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాడు.

"ఏం వినిపిస్తోందమ్మా?"

మొదట ఏమీ లేదు. ఫ్యాను ఆగాక చెవుల్లో మిగిలే హోరు లాంటిది. ఆయన శబ్దం పెంచాడు. హోరు అడుగున ఇంకేదో ఉంది. చాలామంది గొంతు తగ్గించి ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టు. మధ్యలో ఒక దగ్గు. గాజులు ఒరుసుకున్న చప్పుడు. ఉండుండి ఎక్కడో రేకు ఊగుతున్నట్టు గలగల.

"ఎవరొచ్చారు ఆ రోజు?"

"నేనొక్కణ్ణే."

"రోడ్డు మీద జనమేమో."

"రోడ్డు మీద జనం నడుస్తారు. చప్పుడు వస్తుంది, పోతుంది" అన్నాడాయన మెల్లగా. "వీళ్లు నడవటం లేదు. నిలబడ్డారు."

బావ కూడా వచ్చి విన్నాడు. మళ్లీ మళ్లీ విన్నాడు. చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, వాటి తీగ వేలికి చుట్టుకుంటూ చెప్పాడు.

"మా అమ్మ ఈ హాలు ముందు నుంచి నడిచేది కాదు. వరదొచ్చిన ఏడు, ఆఖరి లాంచీకి జనం విరగబడ్డారట. అందరూ ఎక్కితే మునిగిపోతుందని, టిక్కెట్లిచ్చే మనిషి నది వైపు తలుపూ రోడ్డు వైపు షట్టరూ రెండూ వేయించాడట. ఇంకో లాంచీ వస్తుంది, అందాకా కూర్చోండి అని చెప్పి వెళ్లాడట. లాంచీ రాలేదు. నీళ్లొచ్చాయి."

"ఎవరూ తెరవలేదా?" అన్నాను.

"తాళంచెవులు ఆయన జేబులో ఉన్నాయి. ఆయన లాంచీలో ఉన్నాడు."

బావకి ఇలాంటి మాటలు పడవు. "అయితే మనకి ఖర్చు లేకుండా జూనియర్ ఆర్టిస్టులు దొరికారన్నమాట" అన్నాడు. ఆయన ఒక్కడే నవ్వాడు, అదీ సగమే.

"ఆ ముక్క వాడకు బాబూ" అన్నాడు చెవులాయన.

బావ వాడాడు. అంతకంటే మంచి సందడి ఇంకెక్కడా దొరకదన్నాడు. పాసింజరు దగ్గరికి కెమెరాని తీసుకెళ్తే చాలు, లోపలి జనం గుసగుసలు వినిపిస్తాయి. విన్నవాళ్లందరూ మెచ్చుకున్నారు. చెవులాయన మాత్రం ఆ రోజు నుంచి తన పని ఇంటి దగ్గర చేసుకుంటానన్నాడు. వయసు మీద పడింది, రాకపోకలు కష్టమన్నాడు. ఆయనిల్లు మా ఆఫీసుకి నాలుగిళ్ల అవతలే.

ఆట జనంలోకి వెళ్లే ముందు రోజు సెలవు. అయినా నేనూ బావా వచ్చాం. ఆఖరుసారి అన్నీ ఆడి చూసుకుని, సాయంత్రానికి పంపించేస్తే ఒక పనైపోతుందని.

పొద్దున్నుంచీ ముసురుగానే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వాన అందుకుంది. పై కిటికీల్లో వెలుగు బూడిద రంగుకి తిరిగింది. రేకుల మీద వాన పడే చప్పుడుకి పక్కన మాట్లాడితే వినపడటం లేదు. రోడ్డు మీంచి జల్లు లోపలికి కొడుతోందని బావ షట్టరుని మోకాలి ఎత్తు వదిలేసి కిందికి దించాడు. వైర్లు తడిస్తే కొంప మునుగుతుందని.

నేను ఒక యుద్ధం మొదలుపెట్టి చూస్తున్నాను. శత్రు నౌకలు వచ్చాయి. పెద్ద రేవు గేటు పడింది. లోపల పాసింజర్లు వరసగా ఆగిపోయాయి. అన్నీ నేను రాసినట్టే జరుగుతున్నాయి.

అప్పుడు గమనించాను. ఆగిన నౌకల్లోకి జనం ఇంకా ఎక్కుతున్నారు.

నిండితే ఎక్కడం ఆగిపోవాలి. ఆగలేదు. నలభై మంది పట్టే నౌకలో అంకె వంద దాటింది. పక్కదాంట్లోనూ అంతే. అంకె పెరుగుతూనే ఉంది, గ్లాసు నిండినా కుళాయి కట్టెయ్యనట్టు.

"బావా, ఇటు చూడు."

ఆయన లేచొచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "లెక్క ఎక్కడో తప్పింది. గ్రహం మీద జనం తగ్గాలి కదా, తగ్గుతున్నారా?"

చూశాను. ఆ గ్రహం మీద జనం ఒక్కరు కూడా తగ్గలేదు. మరి వీళ్లంతా ఎక్కణ్ణుంచి ఎక్కుతున్నారు?

కెమెరాని దగ్గరికి తీసుకెళ్లాను. మా బొమ్మలవాళ్లు పాసింజర్లకి చిన్నచిన్న కిటికీలు గీశారు. ప్రతి కిటికీలో పసుపు వెలుగు, అంతే. మనుషుల్ని గీయలేదు. అంత చిన్న కిటికీలో ఎవరు చూస్తారులే అనుకున్నారు.

ఇప్పుడా కిటికీలు పసుపుగా లేవు. దాదాపు అన్నీ నల్లగా ఉన్నాయి. దీపం ఆరిపోయినట్టు కాదు. వెలుగుకి అడ్డంగా ఎవరో నిలబడినట్టు. అద్దానికి ముఖం ఆనించినట్టు.

బావ ముందుకి వంగి తెరకి ముఖం దగ్గరగా పెట్టాడు.

కరెంటు పోయింది.

హాలంతా చీకటి. నా కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది, బల్ల కింద యూపీఎస్ కీచుమంటూ. మాది పాత బ్యాటరీ. ఎంతోసేపు రాదు.

"కారులో టార్చి ఉంది. నువ్వు చేసిందంతా దాచుకో, ఇప్పుడే వస్తా" అన్నాడు బావ. షట్టరు కింద నుంచి పాకుతూ బయటికి దూరాడు. వానలో ఆయన చెప్పులు టపటపమంటూ దూరమవడం విన్నాను.

తర్వాత షట్టరు పడింది.

పెద్దగా చప్పుడు చేసి పడలేదు. ఎవరో రెండు చేతులతో పట్టుకుని, అలవాటైన పనిలా, మెల్లగా కిందికి దించినట్టు దిగింది. నేల తాకింది. ఆ తర్వాత తాళం పడిన చప్పుడు.

బావ పరాచికాలాడుతున్నాడేమో అనుకున్నాను. అనుకోవాలని చూశాను. ఫోన్ మోగింది. ఆయనే.

"లోపల్నుంచి ఎందుకు వేసుకున్నావ్?"

"నేను వెయ్యలేదు బావా. నా చోటునుంచి కదల్లేదు."

"గడియ తియ్యి."

ఫోన్ వెలుతురులో షట్టరు దాకా వెళ్లాను. లోపలి గడియ వేసి లేదు. రెండు చేతులూ వేసి ఎత్తాను. గోడని ఎత్తినట్టుంది. అవతలనుంచి బావ కూడా ఎత్తుతున్నాడు. ఆయన ఆయాసం ఫోన్లోనూ వినిపిస్తోంది, రేకు వెనకనుంచీ వినిపిస్తోంది.

"బయట తాళం వేసుంది" అన్నాడు ఆయన. గొంతు మారింది. "ఇది మన తాళం కాదు మరదలా. ఇంత పెద్ద తాళం మనకి లేదు."

"పగలగొట్టు."

"కొడుతున్నా, ఉండు."

కొట్టడం మొదలుపెట్టాడు. రాయితో అనుకుంటా. షట్టరు గలగలలాడింది. నేను రేకుకి అరచేయి ఆనించి నిలబడ్డాను. ఒక దెబ్బ. ఇంకొకటి. ఆయన ఆగాడు, ఊపిరి పీల్చుకోవడానికి.

గలగల ఆగలేదు.

నా చేతి కింద రేకు ఊగుతోంది. బయటనుంచి కాదు. లోపల్నుంచి. నా చేతికి అటూ ఇటూ, నా తలకి పైన, నా మోకాళ్ల దగ్గర... ఎన్నో చేతులు రేకుని కొడుతున్నట్టు.

"ఎవరు నీతో?" అన్నాడు బావ ఫోన్లో. గుసగుసగా.

వాసన వచ్చింది. తడిసిన బట్టల వాసన. తలనూనె, చెమట, బురద. వాన రోజు కిక్కిరిసిన బస్సులో వచ్చే వాసన. దానితోపాటు వేడి. నా వీపు వెనక, మెడ మీద, మనుషుల ఒంటి వేడి.

వెనక్కి తిరిగాను. ఫోన్ వెలుతురు హాలు మధ్య దాకా పడింది. కుర్చీలు. బల్లలు. ఎవరూ లేరు.

ఒక అడుగు వేద్దామనుకున్నాను. వెయ్యలేకపోయాను.

ఏదో నా భుజానికి తగిలింది. ఏదో నా డొక్కలో గుచ్చుకుంది, మోచేయిలా. వెనకనుంచి ఒక తోపు. ముందునుంచి ఇంకొకటి. కళ్లముందు ఖాళీ గది... ఒంటిమీద జనం. ఫోన్ చేతిలోంచి జారిపోయింది. అది నేల మీద పడ్డ చప్పుడు వినపడలేదు. వంగి వెతుక్కోవడానికి చోటు లేదు.

చీకటి. దూరంగా నా కంప్యూటరు వెలుగు. యూపీఎస్ కీచు దగ్గరదగ్గరగా వస్తోంది.

అప్పుడు గుసగుసలు మొదలయ్యాయి. హెడ్‌ఫోన్లలో విన్నవే. కానీ అప్పుడు మాటలు తెలియలేదు. ఇప్పుడు చెవి పక్కనే...

"లాంచీ వచ్చిందా?"

"కాస్త జరగండమ్మా."

"ఎక్కడ జరగను."

"వస్తుందన్నారు కదా. కూర్చోమన్నారు కదా."

"నీళ్లు... కాళ్ల కింద నీళ్లు..."

నా పాదాలు చల్లబడ్డాయి. నేల మీద నిజంగానే నీళ్లున్నాయి. వెల్డింగు చేసిన తలుపు వైపు నుంచి సన్నగా పాకి వస్తున్నాయి. వేళ్లు మునిగాయి. మడమలు మునిగాయి.

ఊపిరి తీసుకోవాలని చూశాను. ఛాతీ పైకి లేవడానికి చోటు లేదు. కొంచెమే గాలి వచ్చింది. ఈసారి అంతకంటే తక్కువ. బావని పిలుద్దామంటే గొంతు రాలేదు. ఆయన రాయితో కొడుతున్న చప్పుడు ఎక్కడో చాలా దూరంగా, వేరే ఊళ్లో ఎవరో కొడుతున్నట్టు వినిపించింది.

ఎవరో నా చెవిలో అడిగారు. ఆడమనిషి గొంతు. కోపం లేదు అందులో. అదే భయంగా ఉంది, ఆ కోపం లేకపోవడం.

"తలుపు నీ దగ్గరే కదమ్మా."

నా దగ్గర తాళం లేదు అందామనుకున్నాను. అంతలో కంప్యూటరు తెర మీద చూపు పడింది. ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఆకాశం, రేవు, మూసిన గేటు. వరసగా నల్లటి కిటికీలు.

దానంతటది తెరుచుకోదు. నేనే అలా రాశాను.

బల్ల పది పన్నెండు అడుగుల్లో ఉంది. అంత దూరం వెళ్లడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. భుజం అడ్డం పెట్టి తోసుకుంటూ వెళ్లాను. "జరగండి... కొంచెం జరగండి" అంటున్నాను, గాలిలేని గొంతుతో. వాళ్లు జరగడానికి చూస్తున్నారు. అది నాకు తెలిసింది. ఒళ్లు కుదించుకుంటున్నారు, ఒకరి మీద ఒకరు ఒరుగుతున్నారు. కానీ వాళ్లకే చోటు లేదు. ఒకచోట నా కాలు దేనిమీదో పడింది. మెత్తగా ఉంది. నేను కిందికి చూడలేదు.

బల్ల అంచు చేతికి తగిలింది. కుర్చీలోకి పడ్డాను. యూపీఎస్ ఇప్పుడు ఆగకుండా కూస్తోంది. తెర ఒకసారి రెపరెపలాడింది.

మౌసు పట్టుకున్నాను. నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. దాని మీద ఇంకొకటి. తడిచేతులు. ఆపడానికి కాదు... ఆసరాకి పట్టుకున్నట్టు.

గేటు తెరిచే మీట నొక్కాను.

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను.

రేవు గేటు మెల్లగా లేచింది. మొదటి పాసింజరు కదిలింది. దాని వెనక రెండోది. శత్రు నౌకలు అవతలే ఉన్నాయి, వాటి మధ్యలోంచే పాసింజర్లు పోయాయి. ఒక్క ఫిరంగీ పేలలేదు. పాసింజర్లని వదిలెయ్యమని శత్రువుకి నేనెక్కడా రాయలేదు.

నా చుట్టూ ఏదో వదులైంది. వీపు మీద బరువు తగ్గింది. తర్వాత అందరూ ఒకే వైపు కదిలారు, షట్టరు వైపు. నన్ను రాసుకుంటూ, కుర్చీని తిప్పుకుంటూ పోతున్నారు. తడిబట్ట ఒకటి నా ముఖాన్ని తుడుచుకుంటూ పోయింది. ఎవరూ ఆగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఎన్నో అడుగులు నీళ్లలో చపచపమంటూ...

తెర ఆరిపోయింది. అదే సమయంలో షట్టరు పైకి లేచింది.

బూడిద రంగు వెలుగు. వాన. గుమ్మంలో బావ.

ఆయన లోపలికి రాలేదు. గుమ్మానికి ఒక పక్కగా, గోడకి వీపు ఆనించి, పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. సినిమా వదిలినప్పుడు జనం బయటికొస్తుంటే పక్కకి తప్పుకుని నిలబడతామే, అలా. ఆయన తల మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. ఒకరి తర్వాత ఒకర్ని చూస్తున్నట్టు. వాన ఆయన నోట్లోకి పోతోంది, నోరు మూసుకోవడం కూడా మరిచిపోయాడు.

చాలాసేపయ్యాక నావైపు చూశాడు.

"అయిపోయారా?" అన్నాడు.

తల ఊపాను. తాళం గురించి అడిగాను. అదే ఊడి పడిపోయిందన్నాడు. గుమ్మం దగ్గర వెతికాం. తాళం లేదు. రాయి ఉంది. ఆయన అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

హాల్లో నేల తడిగా ఉంది, వాన జల్లుకి తడిసినంతే. నా ఫోన్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. బావ తన ఫోన్ నుంచి మోగిస్తే టిక్కెట్ల గూట్లో వెలిగింది. నేను ఆ గూటి దరిదాపుల్లోకి వెళ్లలేదు. ఫోన్ తుడిచి పెట్టినట్టు పొడిగా ఉంది.

ఇంటికెళ్లేదాకా బావ ఆట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. అద్దం మీద వైపర్లు తిరుగుతుంటే వాటినే చూస్తూ నడిపాడు. గుంటలు చూసుకుంటూ, మెల్లగా, ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా. వంతెన మీద ఒకసారి మాత్రం, "గేటు తీసెయ్ మరదలా. ఆటలోంచి. అసలు గేటే వద్దు" అన్నాడు. సరేనన్నాను.

ఇంటి ముందు కారు ఆపి నన్ను దిగమన్నాడు. ఆయన కారుని లోపలికి తిప్పుతుంటే నేను పరిగెత్తుకుంటూ మెట్లెక్కాను. అక్క అప్పటికే తలుపు తీసి నిలబడింది. చేతిలో రెండు తువ్వాళ్లున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

పెద్దది నా తల మీద వేసింది. "ఒళ్లంతా ఎలా ఉందో చూడు. ఇంతసేపు ఏ లైన్లో నిలబెట్టారే నిన్ను?"

"ఏ లైను?"

"ఫోన్ చేస్తే నువ్వే చెప్పావుగా. లైన్లో ఉన్నానక్కా, ఇంకా నా వంతు రాలేదు అని. ఆ గోలలో నీ మాట సగం వినపడనే లేదు."

ఫోన్ తీసి చూశాను. అక్క చేసిన కాల్ ఉంది. ఎత్తినట్టే ఉంది. షట్టరు పడి ఉన్న సమయం అది. ఫోన్ నా చేతిలో లేని సమయం.

"ఇంకేమన్నాను?" అన్నాను.

"ఏమంటావ్. వెనకాల పిల్లాడి ఏడుపు వినిపిస్తుంటే ఎవరే అని అడిగాను. ఇక్కడ తప్పిపోయాడక్కా, ఎవరూ రాలేదు వీడి కోసం, ఇంటికి తీసుకొచ్చేస్తున్నా అన్నావు. మీ బావ ఏమంటాడో ఏమోగానీ, వానలో వదిలేసి ఎలా వస్తావులే."

నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాను. గోడకి ఆనుకుని నిలబడ్డాను. గేటు అవతల బావ ఇంకా కారు తిప్పుతూనే ఉన్నాడు, ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

అక్క తలుపు వెయ్యలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో చిన్న తువ్వాలు విప్పుకుని, గుమ్మం బయటికి, కిందికి చూస్తూ వంగింది.

"రా నాన్నా. అక్కడే నిలబడ్డావేం. లోపలికి రా."